గుడ్డు నిలబెడితేనే కిల్లీ నిలుస్తుంది

(రాజమహేంద్రవరంలో అక్వేరియం అభిరుచి ఉన్నవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం. చివర్లో అడిగిన ప్రశ్నల్లో కొన్నింటిని కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. "రంగురంగుల కిల్లీ చేపల గురించి చెప్పండి" అని నన్ను అడిగారు. రంగుల గురించి తప్పకుండా చెబుతాను. కాని ఈ చేపను ఇంటికి తెచ్చుకునేవాళ్ళు రంగు కంటే ముందు తెలుసుకోవాల్సింది దాని ఆయుష్షు. గోల్డ్‌ఫిష్‌ని బాగా చూసుకుంటే పదేళ్ళు దాటి బతుకుతుంది. మనం ఇళ్ళలో పెంచే ఆఫ్రికా కిల్లీల్లో గట్టిగా బతికేవి రెండు మూడేళ్ళు. కొన్నింటికి ఏడాది కూడా నిండదు. అంటే మీరు కొన్న జత మీ దగ్గర ఎక్కువ కాలం ఉండదు. దాని పిల్లలు ఉండాలి, ఆ పిల్లల పిల్లలు ఉండాలి. మిగతా చేపల్లో బ్రీడింగ్ అనేది ఇష్టముంటే చేసే పని. కిల్లీల్లో అదే అసలు పని. గుడ్డు తీయడం చేతకాకపోతే ఎంత మంచి తొట్టె పెట్టినా రెండేళ్ళకు అది ఖాళీ అవుతుంది.

షాపుల్లో ఇవి ఎక్కువగా కనపడకపోవడానికి కారణం కూడా ఇదే. ఒక్కో ఆడచేప రోజుకు కొన్ని గుడ్లే పెడుతుంది. వాటిని ఒక్కొక్కటిగా ఏరాలి. చెరువులో వదిలి వేలల్లో పట్టుకునే పద్ధతి వీటికి కుదరదు. అందుకే ప్రపంచమంతటా కిల్లీలు ఇళ్ళలో పెంచేవాళ్ళ చేతుల్లోనే ఉండిపోయాయి. అమెరికాలో, బ్రిటన్‌లో, జర్మనీలో 1960ల్లోనే వీటికోసం ప్రత్యేకంగా సంఘాలు పెట్టుకున్నారు. కవర్లో గుడ్లు పెట్టి ఒకరికొకరు పోస్టులో పంపుకోవడం అప్పటినుంచీ ఉంది.

ఇక రంగులు. కిల్లీలు మన గప్పీకి, మోలీకి దూరపు చుట్టాలు. కాకపోతే అవి పిల్లల్ని కంటాయి, ఇవి గుడ్లు పెడతాయి. ఆఫ్రికా, అమెరికా, ఆసియా, కొంత యూరప్, అన్నీ కలిపి వెయ్యికి పైగా జాతులున్నాయి. నైజీరియా, కామెరూన్ వాగుల్లో ఉండే గార్డనెరి మగచేప ఒళ్ళు నీలి ఉక్కు రంగులో మెరుస్తుంది, దాని మీద ఎర్రటి చుక్కలు. గాబన్ తీరంలోని కేప్ లోపెజ్ ప్రాంతపు ఆస్ట్రేలీ చాక్లెట్ రంగులో ఉంటుంది. దాని తోక పైకొస, కింది కొస సన్నగా సాగి ఉంటాయి. జాంజిబార్ దీవి నుంచి వచ్చిన గుంతెరికి తోక ఎర్రగా ఉండి చుట్టూ నల్ల అంచు ఉంటుంది. మొజాంబిక్‌లోని బెయిరా దగ్గర దొరికే రకోవీని చూస్తే నారింజ, నీలం రంగులు పక్కపక్కనే పూసినట్టుంటాయి. ఇవన్నీ మగచేపల రంగులు. ఆడవి చాలావరకు బూడిద, గోధుమ రంగుల్లోనే ఉంటాయి. దగ్గరి జాతుల ఆడచేపల్ని పక్కపక్కన పెడితే ఏది ఏదో నిపుణులు కూడా చెప్పలేరు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

కిల్లీ కోసం ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. మన డెల్టా కాలువల్లో, వరిచేలల పక్క బోదెల్లో నీటి పైభాగాన నిలబడి ఉండే చిన్న చేపను చూసే ఉంటారు. పై నుంచి చూస్తే తల మీద ఒక తెల్ల చుక్క తళుక్కుమంటుంది. అది పాంచాక్స్. అచ్చంగా కిల్లీయే. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద వేసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. దోమ పిల్లల్ని ఇష్టంగా తింటుంది. దోమల కోసమని అమెరికా గాంబూసియాను తెచ్చి మన చెరువుల్లో వదిలారు. ఆ గాంబూసియా ఇతర చేపల గుడ్లనూ పిల్లలనూ తింటూ, స్థానిక చేపల్ని తరుముతూ దేశమంతా పాకింది. మన కాలువలో మన చేపే ఆ పని చేస్తుండగా బయటి నుంచి తేవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పాంచాక్స్‌కి పెద్దన్న లాంటిది లీనియేటస్. దక్షిణ భారతం, శ్రీలంక దాని సొంత ఊళ్ళు. పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. షాపుల్లో గోల్డెన్ వండర్ అనే పేరుతో అమ్మేది దీని పసుపు రకమే.

ఇప్పుడు వానాకాలపు కిల్లీల సంగతికి వద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. తూర్పు ఆఫ్రికా గడ్డి మైదానాల్లో వానలు పడ్డాక గుంటలు నిండుతాయి, కొన్ని నెలలకు ఎండిపోతాయి. నీళ్ళు పోతే చేపలన్నీ చస్తాయి. అడుగున బంకమట్టిలో గుడ్లు మిగులుతాయి. మళ్ళీ వాన పడేదాకా అవి అలాగే ఉంటాయి. నోతోబ్రాంకియస్ అనే వర్గం మొత్తం ఇలాగే బతుకుతుంది. మొజాంబిక్ గుంటల్లో ఫర్జెరి అనే జాతి గుడ్డు నుంచి బయటపడిన రెండు వారాలకే పెద్దదై గుడ్లు పెట్టగలదని 2018లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

ఆ ఫర్జెరి కథ ఈ సభలో చెప్పి తీరాలి. దాన్ని 1968లో జింబాబ్వేలోని గొనారెజూ అడవిలో పట్టారు, 1971లో పేరు పెట్టారు. అక్కడి నుంచి వచ్చిన చేపల సంతతిని మనలాంటి ఇంటి పెంపకందార్లు తరం తర్వాత తరం నిలబెట్టుకుంటూ వచ్చారు. 2003లో వాల్డెసాలిచి, చెల్లెరినో అనే ఇద్దరు ఇటాలియన్లు ఈ చేప ఆయుష్షు కొలిచి చూస్తే, సగం చేపలు పది వారాలు తిరక్కుండానే ముసలివై పోయాయి. వెన్నెముక ఉన్న జంతువుల్లో ముసలితనం గురించి పరిశోధించడానికి ఇంత త్వరగా ముసలిదయ్యేది ప్రయోగశాలలో మరొకటి లేదు. 2015లో దీని జన్యుక్రమం మొత్తం చదివారు. ఇప్పుడు అమెరికా, జర్మనీ ప్రయోగశాలల్లో ఈ చేప మీద పని జరుగుతోంది. ముప్పై ఏళ్ళకు పైగా ఇళ్ళలో గుడ్లు ఎండబెట్టి తడిపినవాళ్ళు మధ్యలో ఒక్కసారి వదిలేసి ఉంటే ఆ చేపలు ప్రయోగశాల గడప తొక్కేవే కావు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. మెక్సికోలో న్యూవో లియోన్ రాష్ట్రంలో ఎల్ పొటోసీ అని ఒక ఊట ఉండేది. అందులో రెండు రకాల పప్‌ఫిష్‌లు, అంటే కిల్లీలే, ఉండేవి. ప్రపంచంలో మరెక్కడా లేవు. సేద్యానికి భూగర్భ జలం తోడేసరికి ఊట ఎండిపోయింది. మధ్యలో ఎవరో వదిలిన బాస్ చేపలు మిగిలినవాటిని తిన్నాయి. సైప్రినోడాన్ అల్వరేజి అనే రకం తొట్టెల్లో పిల్లలు పెట్టింది, ఈనాటికీ తొట్టెల్లోనే బతికి ఉంది. మెగుప్సిలాన్ అనే రెండో రకం తొట్టెల్లో సరిగా నిలవలేదు. దానికి శాస్త్రీయంగా పేరు పెట్టింది 1972లో. చిట్టచివరి చేప 2014లో తొట్టెలోనే చనిపోయింది. ఒకే ఊటలోని రెండు చేపల్లో ఒకటి ఉంది, ఒకటి లేదు. గుడ్లు, తరాలు అని నేను పదేపదే అనడానికి కారణం ఇది.

సరే, ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి? గార్డనెరితో మొదలుపెట్టండి. ఓర్పు గల చేప. పదిహేను, ఇరవై లీటర్ల తొట్టె చాలు. ఒక మగ, రెండు మూడు ఆడ. ఒక్క ఆడచేపే ఉంటే మగది దాన్ని నిలవనివ్వదు, రెక్కలు చీలిపోయేలా తరుముతుంది. దాక్కోవడానికి జావా మాస్ అనే నాచు, పైన అంతరతామర వేయండి. గాలి బుడగలు మెల్లగా వచ్చే స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి. పెద్ద మోటారు ఫిల్టర్ల జోరు వీటికి పడదు. వీధిలో బాదం చెట్టు ఉంటే రాలిన ఎండుటాకు ఒకటి కడిగి వేయండి. నీళ్ళకు టీ రంగు వస్తుంది, చేప బెదురు తగ్గుతుంది, రంగు బాగా కనిపిస్తుంది.

మూత. దీని దగ్గర కొంచెం ఆగుతాను. కిల్లీ గెంతుతుంది. చిన్న సందు చాలు. గాలి పైపు దూరే కన్నం చుట్టూ ఉన్న ఖాళీలో కూడా దూరి బయట పడుతుంది. కాబట్టి ఆ కన్నంలో స్పాంజ్ ముక్క కుక్కండి. నీటి మట్టం నాలుగు వేళ్ళు తగ్గించండి. జబ్బుల కంటే మూత సరిగ్గా పెట్టకపోవడం వల్లే ఇళ్ళలో ఎక్కువ కిల్లీలు పోతాయని నా నమ్మకం.

నీళ్ళ గురించి భయం వద్దు. మునిసిపల్ నీళ్ళయితే బకెట్లో పట్టి ఒక రాత్రి వదిలేస్తే క్లోరిన్ పోతుంది. బోరు నీళ్ళు బాగా ఉప్పగా ఉంటే సగం ఆర్వో నీళ్ళు కలపండి. వారానికి పావు వంతు మార్చండి.

అసలు టెన్షన్ మన ఎండలతో. గార్డనెరి, ఆస్ట్రేలీలకు 22 నుంచి 25 డిగ్రీలు హాయి. రాజమండ్రిలో మే నెలలో గదిలో ఉన్న నీళ్ళే 33, 34కి పోతాయి. తొట్టెను నేల మీద, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో పెట్టండి. గాజు మూత తీసి దోమతెర బిగించి, నీటి మీదుగా చిన్న ఫ్యాన్ గాలి పోనివ్వండి. నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయితే ఆవిరైన నీళ్ళకు బదులు ఆర్వో నీళ్ళే పోయాలి. లేకపోతే లవణాలన్నీ తొట్టెలోనే పేరుకుంటాయి. గుడ్లు తీసే పని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకోండి. ఎండాకాలం చేపల్ని బతికించుకుంటే చాలు. ఏసీ గది లేనివాళ్ళు పశ్చిమ ఆఫ్రికా వాగు చేపల జోలికి పోకుండా లీనియేటస్ పెంచుకోవడమే మేలు. మన చేపకు మన వేడి అలవాటే.

ఇప్పుడు గుడ్లు. ముదురాకుపచ్చ అక్రిలిక్ ఊలు తీసుకోండి. గొర్రె ఊలు నీళ్ళలో కుళ్ళుతుంది, వద్దు. అరచేయంత పొడవున ముప్పై, నలభై చుట్లు చుట్టి, ఒక చివర ముడివేసి, మరో చివర కత్తిరిస్తే కుచ్చు అవుతుంది. దీన్ని మాప్ అంటారు. రంగు దిగకుండా ఉండేదాకా ఒకటి రెండుసార్లు మరగబెట్టండి. థర్మాకోల్ ముక్కకు కట్టి తొట్టెలో తేలవేయండి. మగచేప ఆడదాన్ని కుచ్చులోకి తీసుకెళ్ళి, పక్కన ఆనుకుని వణుకుతుంది. ఒక వణుకుకు ఒక గుడ్డు. అది దారానికి అంటుకుంటుంది.

మూడు నాలుగు రోజులకోసారి కుచ్చు బయటికి తీసి, మెల్లగా పిండి, వెలుతురులో పోగులు విడదీసి చూడండి. మిల్లీమీటరు పైచిలుకు గుడ్లు, పారదర్శకంగా, కొంచెం పసుపు చాయలో కనిపిస్తాయి. వేళ్ళతో తీయండి, పర్వాలేదు. కిల్లీ గుడ్డు పెంకు గట్టిది. మంచి గుడ్డు వేళ్ళ మధ్య నలగదు. నలిగిపోయేది ఎలాగూ పాడైనదే. డబ్బాలో తొట్టె నీళ్ళే పోసి, లేత నీలం వచ్చేదాకా మిథిలీన్ బ్లూ (బూజు పట్టకుండా వేసే నీలి మందు) చుక్క వేసి, గుడ్లు అందులో వేయండి. తెల్లబడిన గుడ్డును ఆ రోజే తీసేయాలి. దాని బూజు పక్కవాటికి పాకుతుంది. పది రోజులు దాటాక లోపల కళ్ళు కనిపిస్తాయి, వాటి చుట్టూ బంగారు ఉంగరం. రెండు మూడు వారాల్లో పిల్లలు బయటికొస్తాయి.

గార్డనెరి పిల్ల మొదటి రోజే అప్పుడే పొదిగిన ఆర్టీమియాను, అంటే ఉప్పునీటిలో బతికే రొయ్యలాంటి చిన్న జీవిని, తినేంత పెద్దది. లీటరు నీళ్ళలో 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు, అర చెంచా ఆర్టీమియా గుడ్లు, కింద నుంచి బలంగా గాలి, పైన లైటు. 28 డిగ్రీల దగ్గర ఒక రోజు, ఒకటిన్నర రోజులో నారింజ రంగు పొడిలా ఈదుతూ కనిపిస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు ఉంచితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందికి దిగుతాయి. కింద నుంచి లాగి, పలుచటి గుడ్డలో వడగట్టి, మంచినీళ్ళతో కడిగి వేయండి. రోజుకు రెండుసార్లు కొద్దికొద్దిగా. మిగిలినవి చచ్చి నీళ్ళు పాడుచేస్తాయి కాబట్టి పొద్దున్నే అడుగు శుభ్రం చేయాలి. పిల్లల్ని సైజు ప్రకారం వేరు చేస్తూ ఉండండి. పెద్దది చిన్నదాన్ని మింగుతుంది, తోబుట్టువు అని చూడదు. పెద్దవాటికి దోమ పిల్లలు, డాఫ్నియా అనే నీటి పురుగులు, గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్ అనే ఎర్ర పురుగులు పెట్టండి. ఎండు గుళికల మేత చాలావరకు ముట్టవు.

వానాకాలపు కిల్లీలకు పద్ధతి వేరు. గుంతెరితో మొదలుపెట్టొచ్చు. ఒక ప్లాస్టిక్ డబ్బా మూతకు కన్నం చేసి, లోపల రెండు అంగుళాలు పీట్ (చిత్తడి నేలల్లో కుళ్ళిన నాచు పొట్టు) వేసి తొట్టెలో దించాలి. పీట్ ఖరీదైనది కాబట్టి కోకోపీట్ వాడతాం. కోనసీమ పక్కనే ఉంది, కొబ్బరి పీచు పొట్టుకు మనకు కొదవ లేదు. కాని అందులో ఉప్పు ఉంటుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా మరగబెట్టి, పిండి, మళ్ళీ మరగబెట్టాలి. జత ఆ కన్నంలోంచి లోపలికి వెళ్ళి పొట్టులో గుడ్లు పెడుతుంది.

వారం, పది రోజులకు ఆ పొట్టును వలగుడ్డలో పోసి పిండి, పాత పేపరు మీద ఆరబెట్టండి. ఎంత ఆరాలి అన్నదే కిటుకు. పూర్తిగా ఎండితే గుడ్డు చస్తుంది, తడి ఎక్కువైతే కుళ్ళుతుంది. మన జిల్లాల్లో చుట్టలు చుట్టేవాళ్ళు ఆకును ఏ పదునులో పెట్టుకుంటారో చూశారా? విరగదు, చేతికి తడి అంటదు. సరిగ్గా ఆ పదును కావాలి. తర్వాత జిప్ కవర్లో వేసి, జాతి పేరు, ఊరి పేరు, తీసిన తేదీ, తడపాల్సిన తేదీ రాసి చీకట్లో పెట్టండి. గుంతెరి గుడ్లకు సుమారు మూడు నెలలు, రకోవీకి ఆరు నెలల పైన పడుతుంది. వేడిగా ఉంటే తొందరగా, చల్లగా ఉంటే ఆలస్యంగా.

తేదీ వచ్చిందని గుడ్డిగా తడపకండి. పొట్టు విదిలించి నాలుగు గుడ్లు చూడండి. కళ్ళు నల్లగా, బంగారు ఉంగరంతో తేలితేనే సిద్ధమైనట్టు. 18, 20 డిగ్రీల చల్లటి నీళ్ళు మూడు, నాలుగు సెంటీమీటర్ల లోతు పోస్తే కొన్ని గంటల్లో పిల్లలు బయటికొస్తాయి. తొందరపడి తడిపితే కొన్ని పిల్లలు, నీటిలో తేలడానికి ఒంట్లో ఉండే గాలితిత్తి నిండక, అడుగునే పొట్ట మీద పాకుతూ ఉండిపోతాయి. వాటిని పెంచలేం.

అన్ని గుడ్లూ ఒకేసారి పొదగవు. దీని వెనక అద్భుతమైన ఏర్పాటు ఉంది. గుడ్డు లోపలి పిండం మూడు చోట్ల ఆగగలదు. ఒళ్ళు ఏర్పడకముందే ఒకసారి, గుండె కొట్టుకోవడం మొదలై ఒళ్ళు సగం ఏర్పడ్డాక ఒకసారి, అంతా పూర్తయి బయటికి రావడానికి సిద్ధంగా ఉన్నప్పుడు ఒకసారి. ఒకే తల్లి పెట్టిన గుడ్లలో కొన్ని ఆగుతాయి, కొన్ని ఆగవు. ఆఫ్రికాలో సీజను ముందు ఒక అకాల వాన పడి గుంట నిండి, వారంలో ఎండిపోయిందనుకోండి. అప్పుడు పొదిగినవి చస్తాయి, ఆగినవి అసలు వానకు మిగులుతాయి. అందుకే ఒకసారి తడిపిన పొట్టును పారేయకండి. మళ్ళీ ఆరబెట్టి నెలకు తడపండి, ఇంకా వస్తాయి.

నోతోబ్రాంకియస్‌కి ముఖ్యమైన జబ్బు వెల్వెట్. ఒంటి మీద సన్నటి బంగారు పొడి చల్లినట్టు కనపడుతుంది. నాలుగు లీటర్లకు ఒక టీస్పూను కల్లుప్పు మొదటినుంచీ ఉంచితే చాలావరకు రాదు.

ఇందాక ఆడచేపల గురించి గుర్తుంచుకోమన్నాను. గార్డనెరిలోనే అకూరె, లాఫియా, మిసాజె అని ఏ ఊరి నీళ్ళలో దొరికిందో ఆ ఊరి పేరుతో రకాలున్నాయి. వాటి రంగులు వేరువేరు. రెండు రకాలను ఒకే తొట్టెలో వేస్తే ఆడవాటిని మళ్ళీ విడదీయలేరు. కలిసిపోయిన పిల్లలకు ఏ ఊరి పేరూ పెట్టలేం. అడవిలో ఆ వాగు పోతే ఆ రకం మళ్ళీ దొరకదు. ఊరి పేరు రాసిన కాగితం పోతే చేప పోయినట్టే లెక్క. అలాగే ఒకే జత పిల్లల్లోనే తరతరాలుగా జత కట్టించకుండా, ఇంకొకరి దగ్గర అదే ఊరి రకం ఉంటే మార్చుకోండి. ఏ ఊళ్ళో అయినా ఒక రకాన్ని ముగ్గురు నలుగురు పంచుకుని పెంచాలి. ఒక ఇంట్లో కరెంటు పోయి, లేదా జబ్బు వచ్చి పోయినా మరో ఇంట్లో ఉంటుంది.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక కుర్రాడు: అన్నా, మా తొట్టెలో గప్పీలున్నాయి. గార్డనెరి అందులో వేయొచ్చా?)

పెద్ద గప్పీలను ఏమీ అనకపోవచ్చు తమ్ముడూ, కాని గప్పీ పిల్లలు ఒక్కటీ మిగలవు. పైగా గప్పీలు కిల్లీ గుడ్లు తింటాయి. లీనియేటస్ అయితే నియాన్ టెట్రా లాంటి చిన్న చేపలను కూడా మింగేస్తుంది. కిల్లీలకు వాటి తొట్టె వాటికే ఉండాలి. చిన్నదైనా ఫర్వాలేదు.

(ఒక మహిళ: ఆన్‌లైన్‌లో విదేశాల నుంచి కిల్లీ గుడ్లు అమ్ముతామని ప్రకటనలు వస్తున్నాయండీ. తెప్పించుకోవచ్చా?)

వద్దమ్మా. చేపలైనా గుడ్లైనా విదేశాల నుంచి తెప్పించుకోవాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. రోగాలు రాకుండా పెట్టిన నిబంధన అది, మన చెరువుల మేలు కోసమే. పైగా అలాంటి ప్రకటనల్లో చాలామందికి అందేది ఉత్త పొట్టు. దేశంలోనే పెంచేవాళ్ళున్నారు. వాళ్ళ తొట్టెలో తల్లిదండ్రుల్ని చూసి, ఊరి పేరు అడిగి తీసుకోండి.

(ఒక పెద్దాయన: ఎక్కువైన పిల్లల్ని మా ఊరి చెరువులో వదలొచ్చా బాబూ? దోమలైనా తగ్గుతాయి.)

ఆఫ్రికా చేప ఒక్కటి కూడా వదలొద్దండీ. గాంబూసియాను కూడా ఇదే మాట చెప్పి వదిలారు. ఎక్కువైతే మరో పెంపకందారుకు ఇవ్వండి. మీ చెరువులో దోమలు తగ్గాలంటే, పక్క కాలువలోని పాంచాక్స్ చెరువులోకి వచ్చే దారి మూసుకుపోయిందేమో చూడండి. గట్ల మీద మందు కొట్టడం తగ్గిస్తే అవే వస్తాయి.

గార్డనెరి గుడ్లు కావాల్సినవాళ్ళు బల్ల దగ్గర ఉన్న పుస్తకంలో పేరు రాయండి. మూత బిగించిన తొట్టె, తయారుచేసిన మాప్ ఫోటో చూపించినవాళ్ళకు ముందు ఇస్తాను. డబ్బులు వద్దు. మీ చేపలు గుడ్లు పెట్టాక ఇంకో ఇద్దరికి ఇవ్వండి, చీటీ మీద ఊరి పేరు మాత్రం మార్చకండి.